పంతులుగారి తపాలా బల్ల

అనుమానం మనిషికి ఆధారం కూడా దొరికితే ఇక పట్టపగ్గాలుండవు. ఈదులవలస బ్రాంచి పోస్టుమాస్టరు వేంకటాచలానికి ఆ ఆధారం 1968 ఎండాకాలంలో, సాక్షాత్తూ పోస్టల్ ఇన్‌స్పెక్టరు చేతుల మీదుగా దొరికింది.

అంతకుముందు ఆయన మనుషుల్ని తెగ నమ్మేసేవాడని కాదు. పాలు పోసే మనిషి చెంబు దించితే పాలకంటే ముందు ఆమె మొహం చూసేవాడు. కొట్టు నుంచి తెచ్చిన బెల్లాన్ని చితక్కొట్టి, లోపల మట్టి కలిపారేమోనని వాసన చూసేవాడు. కానీ అవి ఇంటి అనుమానాలు, ఇంట్లోనే తిరిగేవి. ఇన్‌స్పెక్టరు తెచ్చింది వేరు. అది ఒక కవరు. లోపల ఆకాశరామన్న అర్జీ.

"ఈదులవలస పోస్టుమాస్టరు వచ్చిన ఉత్తరాలు ఇవ్వకుండా దాస్తున్నాడు. దయుంచి విచారించవలెను" అని రెండే వాక్యాలు. సంతకం లేదు. కవరు తిప్పి చూస్తే దాని మీద పడిన ముద్ర ఈదులవలసదే. అంటే తన మీద వెళ్ళిన ఫిర్యాదుకి వేంకటాచలం తానే దర్జాగా ముద్ర కొట్టి, సంచిలో వేసి, మూతి కట్టి మరీ సాగనంపాడన్నమాట. ఆ సంగతి తెలిసేసరికి ఆయనకి అర్జీ కంటే ఆ ముద్రే ఎక్కువ మండింది.

ఇన్‌స్పెక్టరు మంచివాడే. వసారాలో ఉయ్యాలబల్ల మీద పరిచి ఉన్న ఉత్తరాల్నీ, వాటి పక్కన ఆరబెట్టిన వడియాల్నీ చూసి నిట్టూర్చాడు. "పంతులుగారూ, మీరు దాచారని నేననను. కానీ ఇలా పరిస్తే ఎవరైనా దాచగలరు. తాళం వేసే సొరుగుతో ఒక బల్ల పెట్టండి. వానలు తగ్గాక మళ్ళీ వస్తాను. అప్పటికీ ఇలాగే ఉన్నా, ఇంకో అర్జీ వచ్చినా, ఆఫీసుని జగన్నాధం కొట్లోకి మార్చమని రాయక తప్పదు" అని చెప్పి సైకిలెక్కాడు.

పోస్టాఫీసంటే వేంకటాచలానికి ఇల్లే. వసారాలో గోడకి ఎర్రడబ్బా, ఉయ్యాలబల్ల మీద తపాలా, కింద ముద్ర కొట్టుకునే పీట. పద్దెనిమిదేళ్ళ నుంచి అదే ఏర్పాటు. జీతం గురించి చెప్పుకోడానికేమీ లేదు. ఊళ్ళో పెద్ద భూస్వామి కూడా వసారా మెట్టు దగ్గర చెప్పులు విడిచి "పంతులుగారూ, మాకేమైనా ఉందా" అని అడగడం, అదీ ఆయన ఆస్తి. ఆ అడగడం రేపు జగన్నాధం కొట్లో చింతపండు బుట్టల మధ్య జరుగుతుందన్న తలపే ఆయనకి ముద్ద దిగనివ్వలేదు.

రాసిందెవరు? ఎవడికి లాభమో వాడిదే పని. లాభం జగన్నాధానికి. పక్కా గది ఉన్నవాడు, చదువుకున్నవాడు, పైగా ఎదురైనప్పుడల్లా అవసరానికి మించి నవ్వేవాడు. వేంకటాచలం ఆ రోజు నుంచి జగన్నాధం పోస్టు చేసే ప్రతి కార్డునీ దీపం దగ్గర పెట్టి, అర్జీలో అక్షరాలు గుర్తుచేసుకుంటూ "వి"నీ "చా"నీ పోల్చి చూసేవాడు. పోలలేదు. పోలకపోతే మరీ అనుమానం. వేరేవాడి చేత రాయించి ఉంటాడు, దొంగవెధవ.

బల్ల కొనడానికి గజపతినగరం వెళ్ళాడు. కొట్టువాడు చూపించింది నాలుగు కాళ్ళూ ఒక పలకా, అంతే. సొరుగు లేదు, అంచు లేదు. "అసలు టేకండీ" అన్నాడు కొట్టువాడు. వేంకటాచలం గోటితో గీరాడు, వేలితో తట్టాడు, తల వంచి అడుగున చూశాడు, చివరికి నమ్మకుండానే కొన్నాడు. బస్సు టాపు మీద బల్ల వస్తుంటే, దార్లో ఎవరైనా మార్చేస్తారేమోనని ప్రతి స్టాపులోనూ దిగి పైకి చూశాడు.

వడ్రంగి అప్పలసూరి పలక మీద ఒక్కసారి చిత్రిక లాగి, వచ్చిన పొట్టు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"బాబూ, ఇది మావిడి సెక్క. రంగేసి టేకంటన్నారు. కాళ్ళు మాత్రం గట్టియే."

"నాకు తెలుసు," అన్నాడు వేంకటాచలం. తెలీదు. కానీ మోసపోయానని వడ్రంగికి తెలియడం ఎందుకు?

తర్వాత పదిరోజులు అప్పలసూరి వసారాలోనే పనిచేశాడు. వేంకటాచలం ఎదురుగా కుర్చీ వేసుకుని మేకులు లెక్కపెడుతూ కూర్చున్నాడు. పంతులు పొట్టి మనిషి, ఎత్తు కుర్చీ వేసుకుంటే కాళ్ళు నేలకి ఆనవు కాబట్టి మొదట బల్ల కాళ్ళే నాలుగువేళ్ళ మేర కోయించాడు. కార్డులు గాలికి ఎగిరిపోకుండా చుట్టూ అంచుపట్టీ కొట్టించాడు. ముద్ర కొట్టే చోట పాత టైరు ముక్క పరిచి బిగించాడు. వెనక ఐదు అరలు పెట్టించాడు, ఊరికొకటి, చుట్టూ ఉన్న నాలుగు పేటలకి ఒక్కొక్కటి. అక్కడితో ఆగితే అది మంచి బల్లే. కానీ అనుమానం అక్కడితో ఆగదు కదా. ముందువైపు జానెడున్నర ఎత్తున అడ్డపలక వేయించాడు, వచ్చినవాళ్ళకి తన చేతులు కనిపించకుండా. ఆపైన సొరుగు.

"సందులో సూది దూరకూడదు," అన్నాడు.

"అంత బిగువైతే ఎలాగ బాబూ? మావిడి సెక్క వానకి ఉబ్బుతాది. కూసింత ఒదులు ఒగ్గాల."

వదులు ఉంటే వేలు పెట్టి ఉత్తరం లాగేయొచ్చు. ఆ మాట అప్పలసూరి ఎందుకంటున్నాడు? వాడి చెల్లెల్నిచ్చింది జగన్నాధం అత్తవారి ఊరికేగా! "నే చెప్పినట్టు చెయ్యి," అన్నాడు వేంకటాచలం. అప్పలసూరి భుజాలెగరేసి, చెప్పినట్టే చేశాడు.

ఆఖరి అర మాత్రం ఆయన కోరింది కాదు. ఆయన భార్య లక్ష్మీకామేశ్వరిది. ఆ వైపు ఊళ్ళలో మనిషి పోయిన కబురు కార్డు మీద వస్తే దాని మూల చించి ఉంటుంది. అలాంటి ఉత్తరం ఇంట్లోకి తేకూడదు, వీధిలోనే చదివి అక్కడే చింపేయాలి. మరి పోస్టాఫీసే ఇల్లయితే? పద్దెనిమిదేళ్ళుగా ఊరందరి చావులూ తన ఉయ్యాలబల్ల మీదికే వస్తున్నాయని కామేశ్వరి బాధ.

"ఎలాగూ బల్ల చేయిస్తున్నారు. ఆ ఉత్తరాలకి నా ఇంటి కప్పు కింద చోటొద్దండీ," అంది. దాంతో బల్లని వసారా అంచుకి జరిపి, ఎడమవైపు చూరు దాటి వీధిలోకి వేలాడేలా చిన్న పెట్టె బిగించి, తడవకుండా దానికి రేకు మూత పెట్టాడు అప్పలసూరి.

మూల చిరిగిన ఉత్తరాల విషయంలో వేంకటాచలానికి సొంత పద్ధతి ఒకటుంది. అవి వచ్చిన వెంటనే ఇచ్చేవాడు కాదు. ఆ ఇంటి మనిషి ఎదురైతే "ఏమైనా తిన్నావా?" అని అడిగేవాడు. లేదంటే తినేదాకా ఆగి, అప్పుడు పిలిచి ఇచ్చేవాడు. చావు కబురు విన్నాక రెండు రోజులు ఎలాగూ ముద్ద దిగదు, ఆ ఒక్క పూటైనా కడుపు నిండనీ అని ఆయన జాలి. ఇన్నేళ్ళలో ఎవరూ తప్పనలేదు. మంచిదని కూడా ఎవరూ అనలేదని ఆయన గమనించలేదు. ఊళ్ళో మాత్రం పంతులు "తిన్నావా" అంటే మనిషి గుండె ఆగినంత పనయ్యేది.

కొత్త బల్ల వచ్చాక ఊరికి పంతులంటే మరింత బెరుకు పట్టుకుంది. ఇదివరకు ఉయ్యాలబల్ల మీద తమ ఉత్తరం తామే ఏరుకునేవాళ్ళు. ఇప్పుడు అడ్డపలక వెనక ఏదో కదులుతుంది, సొరుగు కిర్రుమంటుంది, పంతులు తల మాత్రం కనిపిస్తుంది. ఉత్తరాలు దాచకపోతే గోడెందుకు కట్టుకున్నాడని నూతి దగ్గర అనుకున్నారు. ఆ మాటలు కామేశ్వరి మోసుకొస్తే "చూశావా, జగన్నాధం ఎలా ఎక్కిస్తున్నాడో" అన్నాడాయన.

రోజూ పొద్దున్నే వచ్చే మనిషి అసిరమ్మ ఒక్కతే. ఆమె భర్త సోములు ఖర్గపూరులో తాపీ పనికి పోయి మూడేళ్ళయింది. నెలకో ఉత్తరం తప్పేది కాదు. అలాంటిది అర్జీకి ముందునుంచే ఆగిపోయింది. నెలలు గడిచాయి, వానలు పడ్డాయి, ఉడుపులు అయ్యాయి. ఆమె మాత్రం పొలానికి పోతూ మెట్టు దగ్గర నిలబడేది.

"ఉత్తరం వచ్చినాదేటి బాబూ?"

"రాలేదమ్మా."

"నిజంగానే?"

ఆ "నిజంగానే" అన్న ముక్క ఆయన్ని గుచ్చేది. దీన్ని కూడా జగన్నాధమే ఎగదోశాడనుకునేవాడు.

ఆ రోజు పొద్దుటినుంచీ ముసురు. సంచి రావడమే పొద్దుగూకాక వచ్చింది. తడిసిన సంచి విప్పి, వచ్చిన నాలుగు ఉత్తరాల్నీ చూడకుండానే సొరుగులో పడేశాడు. ఆ వానలో కూడా ఎవరో వీధిలోంచి చూస్తున్నారనిపించి, సొరుగుని మోకాలితో నెట్టి మరీ మూసి తాళం వేశాడు. మర్నాడు తీయబోతే అది రాలేదు. ఒక కాలు బల్లకి తన్నిపెట్టి రెండు చేతులా గుంజితే, కసక్కుమని వచ్చింది.

నాలుగింటిలో ఒకటి అసిరమ్మది. ఖర్గపూరు ముద్ర. మడత పెట్టి అతికించిన ఇన్‌లాండు లెటరు. దాని మూల లేదు.

వేంకటాచలం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కార్డయితే చదివేవాడే. అతికించిన ఉత్తరం ఆయన జన్మలో విప్పి ఎరగడు. ముప్ఫయ్యేళ్ళ పిల్ల, అనుకున్నాడు. నెలల తరబడి ఉత్తరం రాకపోవడానికి కారణం ఇదన్నమాట. లేచి, చెయ్యి చూరు బయటికి చాపి, రేకు మూత ఎత్తి, దాన్ని ఎడమవైపు పెట్టెలో వేశాడు. మూత దించి తల తిప్పేసరికి మెట్టు దగ్గర అసిరమ్మ నిలబడి ఉంది, నెత్తిన గోనెసంచి, చేతిలో కొడవలి.

"ఉత్తరం వచ్చినాదేటి బాబూ?"

లేదనడానికి నోరు రాలేదు. ఉందని చెప్పడానికి అసలే రాలేదు. పద్దెనిమిదేళ్ళ అలవాటు నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"అసిరమ్మా, ఏమైనా తిన్నావా?"

ఆమె ఆయన్ని చూసింది. రేకు మూత వైపు చూసింది. కొడవలి చేతిలోంచి జారిపోయింది. "ఓలమ్మో, నా సోములో!" అని ఆమె పెట్టిన కేకకి వీధంతా బయటికి వచ్చింది. మెట్టు మీద కూలబడి రెండు చేతులూ రాతికేసి బాదుకుంటే కుడిచేతి గాజులు చిట్లి మణికట్టు నెత్తురైంది. కామేశ్వరి మడీ గిడీ మర్చిపోయి పరిగెత్తుకొచ్చి ఆ చేతులు పట్టుకుంది.

"చదవండీ! ఇంకా ఏం చూస్తున్నారు?" అని మొగుణ్ణి కసిరింది.

కళ్ళజోడు సొరుగులో ఉంది. సొరుగు మళ్ళీ బిగిసింది. గుంజితే వచ్చింది. అప్పుడు కనిపించింది ఆయనకి, సొరుగుకీ పలకకీ మధ్య సూది దూరని ఆ సందులో, నీలం రంగు కాగితం ముక్క. మూడు మూలలది, బొటనవేలి గోరంత. అంటే ఖర్గపూరులో ఎవరూ చించలేదు. నిన్న రాత్రి తన సొరుగు కరుచుకుంది, ఈ పొద్దున్న తానే గుంజి చించాడు.

ప్రాణం లేచొచ్చింది, వెంటనే చచ్చిపోయింది. సోములు బతికే ఉన్నాడు! మరి బతికున్న మొగుడికి ఆ పిల్ల చేత ఏడుపు ఏడిపించింది ఎవరు? ఈ సంగతి పొక్కితే రెండో అర్జీ రాసే పని కూడా ఉండదు, ఇన్‌స్పెక్టరు చెవిన వేస్తే చాలు. గుంపులో జగన్నాధం నిలబడి ఉన్నాడు, గొడుగు కింద, నవ్వకుండా. వేంకటాచలం ఆ ముక్కని వేళ్ళతో లాగి రొండిన దోపుకున్నాడు. ఎవరూ చూడలేదు.

వీధిలోకి దిగి, పెట్టెలోంచి ఉత్తరం తీసి విప్పి, గబగబా కళ్ళు పరిగెత్తించి, గొంతెత్తాడు. "అసిరమ్మా, ఏడవకు! సోములు రాయించిన ఉత్తరమే. విను. 'నేను కులాసా. చేతికి దెబ్బ తగిలి ఉత్తరం రాయలేదు, ఇప్పుడు నయమయింది. వచ్చే నెల ఇంటికి వస్తున్నాను.' విన్నావా? కులాసాట!"

అసిరమ్మ ఏడుపు ఆపింది. కానీ ఆమె మొహంలో సంతోషం రాలేదు. గుంపులో ఎవరి మొహంలోనూ రాలేదు.

"అబద్దం సదవతన్నావు బాబూ," అంది.

"అబద్ధమా? ఇదుగో, చూడు!"

"సూస్తే నాకేటి తెలస్తాది? నువ్వు ఉన్నది సెప్పవు. నన్ను ఊరుకోబెట్టడానికి సదవతన్నావు. మూల సిరిగీసి ఉన్నాది కదేటి?" ఆమె లేచి, ఆయన చేతిలోంచి ఉత్తరం లాక్కుని, నేరుగా జగన్నాధం దగ్గరికి వెళ్ళింది. "బావా, నువ్వు సదువు."

ఊరందరి ఎదుట పోస్టుమాస్టరు చేతిలోంచి ఉత్తరం తీసి కొట్టువాడికి ఇవ్వడమంటే చెప్పు తీసి కొట్టడమే. వేంకటాచలానికి చెవులు కాలిపోయాయి. అయినా ఒక ధైర్యం ఉంది, ఉత్తరంలో ఉన్నది తాను చదివిందే కదా. దాదాపుగా.

జగన్నాధం గొడుగు పక్కవాడికిచ్చి, నెమ్మదిగా, అక్షరం అక్షరం కూడబలుక్కున్నట్టు చదివాడు. "'ఖర్గపూరు నుంచి సోములు అసిరమ్మకి రాయించేది. నేను కులాసా. రాయి పడి కుడిచేతి రెండు వేళ్ళు నలిగిపోతే డాక్టరు తీసేశాడు. నీకెలా చెప్పాలో తెలీక ఇన్నాళ్ళూ రాయించలేదు. ఇప్పుడు నయమయింది. ఇంక తాపీ పట్టలేను. వచ్చే నెల ఇంటికి వచ్చేస్తాను. ఏం పని చేస్తానో తెలీదు.'"

అందరూ వేంకటాచలాన్ని చూశారు. ఏడుస్తున్న మనిషికి ముందు బతికున్నాడని చెబుదాం, వేళ్ళ సంగతి తర్వాత, ఏదైనా తిన్నాక చెబుదాం అనుకున్నాడు ఆయన. నిజంగా అంతే అనుకున్నాడు.

"బతికే ఉన్నాడు," అంది అసిరమ్మ, నేల మీద కూర్చుండిపోతూ. తర్వాత తల ఎత్తింది. "పంతులూ, ఆ అర్జీ రాయించింది నాను."

వేంకటాచలం ముందు జగన్నాధాన్ని చూశాడు. తర్వాత ఆమెని చూశాడు.

"మా అయ్య పోయిన కార్డు పొద్దున్న వస్తే మాపిటికి ఇచ్చినావు. తిన్నావా అని అడిగి మరీ ఇచ్చినావు. సాలూరు బస్సు ఎల్లిపోనాది. మర్నాటి పదో దినానికి నానందనేదు. ఆ కడుపునిండా తిన్న బువ్వ ఇప్పటికీ నాకు గొంతులోనే ఉన్నాది. సోములు ఉత్తరం ఆగిపోతే, అదీ నీకాడే ఉన్నాదనుకున్నాను. గజపతినగరంలో రాసీవోడి సేత రాయించి, నీ డబ్బాలోనే ఏసినాను."

"నన్నొక్క మాట అడగలేకపోయావా?" అన్నాడు వేంకటాచలం.

"రోజూ అడిగినాను కదేటి!"

అవును. రోజూ అడిగింది. నిజంగానే? అని కూడా అడిగింది. తన జాలిని ఈ ఊరు ఏ పేరుతో పిలుస్తుందో ఆయనకి అప్పుడు తెలిసింది, తెలిసి సిగ్గుతో తల వాలిపోయింది. జగన్నాధం మీద, వడ్రంగి మీద, కనిపించిన ప్రతివాడి మీదా పెట్టుకున్న అనుమానంలో ఒక్కటీ నిజం కాదు. ఊరు తన మీద పెట్టుకున్న అనుమానమే నిజమైంది.

రొండిన కాగితం ముక్క ఉంది. ఎవరికీ తెలీదు. మూల సంచిలో చిరిగిందంటే అందరూ నమ్ముతారు. ఆ ఒక్క మాటతో ఉద్యోగం దక్కుతుంది. వేంకటాచలం ముక్క తీసి అసిరమ్మ ముందు అరచేతిలో పెట్టి చూపించాడు.

"ఈ మూల చించింది నేనే. నా సొరుగులో ఇరుక్కుంది, గుంజాను. ఇంతకుముందే చూశాను. చూసి దాచాను."

కామేశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పలసూరి గుంపులో ఉన్నాడు, సొరుగు గురించి తానేమన్నాడో ఒక్క ముక్కా ఎత్తలేదు. అసిరమ్మ ఆ కాగితం వైపు చూసింది, తర్వాత తన మణికట్టు చూసుకుంది.

"ఇనస్పెట్రు బాబు వస్తే ఆయనకీ సెప్తావేటి?"

"చెప్తాను."

"ఉజ్జోగం పోద్ది."

"పోతే పోతుంది."

ఆమె లేచి, చీర దులుపుకుని, కొడవలి అందుకుంది. మళ్ళీ దాన్ని మెట్టు మీద పెట్టింది. "పోయినప్పుడు పోద్ది. ఈయాల ఉన్నాది కదా. బేగి రా, కార్డు రాయి. నెలల తరబడి నా పేనాలు తీసినందుకు ఆ ఎదవని తిట్టాల. తర్వాత ఆ వేళ్ళు నొప్పెడతన్నాయేటో అడగాల."

వేంకటాచలం లోపలికి వెళ్ళి కలం తెచ్చాడు. బల్ల దగ్గరికి పోలేదు. ఆమె పక్కనే తడి మెట్టు మీద కూర్చుని, ఊరంతా చూస్తుండగా, ఆమె ఏది చెబితే అది, తిట్లతో సహా రాశాడు.